‘చెప్పెయ్యి’ అనే ముందు

(మహిళా ఆరోగ్య కార్యకర్తల రెండు రోజుల శిక్షణా సమావేశంలో ఒక కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం. వక్త కోరిక మేరకు పేరు, ఊరు ప్రచురించడం లేదు. - సం.)



పొద్దుటి నుంచీ మనం తెల్లబట్ట గురించి, రక్తహీనత గురించి, అవసరం లేకుండా గర్భసంచులు తీసేస్తున్న ఆపరేషన్ల గురించి మాట్లాడుకున్నాం. ఎవరి బాధ వాళ్ళు లేచి నిలబడి చెప్పారు. ఇప్పుడు నన్ను హెర్పిస్ గురించి మాట్లాడమన్నారు. నేను శిక్షణ తీసుకున్నదాన్ని కాబట్టి నిర్వాహకులు ఈ అంశం నాకిచ్చారు. వాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. నాకు జననాంగాల హెర్పిస్ ఉంది. 2012 నుంచీ ఉంది. రోజూ మాత్ర వేసుకుంటున్నాను.

ఇంతమందిలో ఈ మాట చెప్పడం ఇదే మొదటిసారి. ఇక్కడ మీ మొహాలు నాకు కనబడుతున్నాయి కాబట్టి చెప్పగలుగుతున్నాను. పత్రికలో వేసేటప్పుడు మాత్రం పేరు వేయవద్దని కోరాను. నా కూతురు కాలేజీలో చదువుకుంటోంది. రేపు దాని పెళ్ళి మాటల్లో ఈ కాగితం ఎవరి చేతిలో తేలుతుందో నాకు తెలియదు. చెప్పడం గురించి మాట్లాడడానికి వచ్చి పేరు దాచుకోవడం ఏమిటని మీకు అనిపించవచ్చు. ఎక్కడ చెప్పగలం, ఎక్కడ చెప్పలేం, ఎందుకు చెప్పలేం అన్నదే ఇవాళ నేను మాట్లాడాలనుకున్న విషయం.

ముందు నా కథ కొంచెం చెబుతాను. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. మా ఆయన బోరు బండి మీద పనిచేసేవాడు. కర్ణాటక, మహారాష్ట్ర వైపు వెళితే నెలా రెండు నెలలకు గాని ఇంటికి వచ్చేవాడు కాదు. ఒకసారి ఆయన వచ్చి వెళ్ళిన వారం రోజులకు నాకు చలిజ్వరం వచ్చింది. ఒళ్ళంతా నొప్పులు. గజ్జల్లో బిళ్ళలు కట్టాయి. తర్వాత కింద నీటి పొక్కులు లేచాయి. అవి పగిలి పుండ్లయ్యాయి. ఒంటేలుకు వెళ్ళాలంటే ఏడుపొచ్చేది. మంటకు భయపడి నీళ్ళు తాగడం మానేశాను. నీళ్ళు తాగకపోతే మూత్రం చిక్కబడి మంట ఇంకా ఎక్కువవుతుందని, చెంబుతో నీళ్ళు పోసుకుంటూ పోస్తే బాధ తగ్గుతుందని నాకెవరూ చెప్పలేదు.

మా అత్త వేడి చేసిందని సబ్జా నీళ్ళు పట్టింది. ఊళ్ళో ఆర్.ఎం.పి. రెండు ఇంజెక్షన్లు చేశాడు. పుండ్లు రెండు మూడు వారాల్లో వాటంతటవే మానాయి. ఇంజెక్షన్ పనిచేసిందనుకున్నాం. రెండు నెలలకు మళ్ళీ అదే చోట మళ్ళీ వచ్చాయి. ఇలా మూడుసార్లు అయ్యాక పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్ళాను. ‘చర్మ, సుఖవ్యాధుల విభాగం’ అని బోర్డు. ఆ బోర్డు కింద లైన్లో నిలబడ్డ ఆడవాళ్ళమంతా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాం.

డాక్టరు తల ఎత్తకుండా, “మీ ఆయన ఏం చేస్తాడమ్మా?” అని అడిగాడు. బోరు బండి మీద వెళతాడండీ అన్నాను. “ఇంకేం మరి!” అన్నాడు. వెనక లైన్లో ఉన్నవాళ్ళు నవ్వారు. చీటీ రాసి, ఏడు రోజుల మాత్రలున్న ఎర్ర ప్యాకెట్టు చేతిలో పెట్టి పంపేశాడు. జబ్బు పేరు చీటీ మీద ఇంగ్లీషులో ఉంది. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు ఆ డాక్టరు అయిదు నిమిషాలు కేటాయించి నాకు చెప్పవలసిన సంగతులు ఇప్పుడు మీకు చెబుతాను. మీ దగ్గరకు వచ్చే స్త్రీలకు మీరు చెప్పాలి.

హెర్పిస్ ఒక వైరస్ వల్ల వస్తుంది. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటి రకం ఎక్కువగా పెదవుల మీద పొక్కులు తెస్తుంది. జ్వరం వచ్చి తగ్గాక మూతి మీద పేలిందంటామే, చాలాసార్లు అదే. రెండో రకం ఎక్కువగా జననాంగాల మీద వస్తుంది. నోటి ద్వారా జరిగే లైంగిక చర్య వల్ల మొదటి రకం కూడా కిందకు సోకవచ్చు. చర్మానికి చర్మం తగలడం వల్ల సోకుతుంది గాని మరుగుదొడ్డి వల్లో, ఒకే సబ్బు వాడడం వల్లో, బట్టలు కలిపి ఉతకడం వల్లో సోకినట్టు కనబడదు. ఒకసారి ఒంట్లోకి వచ్చాక ఆ వైరస్ వెన్నుపూస దగ్గరున్న నరాల ముళ్ళలో దాక్కుంటుంది. పూర్తిగా తీసేసే మందు ఇప్పటిదాకా లేదు, రాకుండా ఆపే టీకా కూడా లేదు. మధ్య మధ్య నరం వెంట చర్మం దాకా వచ్చి పుండ్లు తెస్తుంది. రెండో రకమైతే మొదటి ఏడాది నాలుగైదు సార్లు రావచ్చు. ఏళ్ళు గడిచేకొద్దీ చాలామందిలో తగ్గుతూ పోతుంది.

ఇది మనలో కొందరు ‘చెడ్డవాళ్ళకు’ వచ్చే అరుదైన రోగం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో ప్రకటించిన అంచనా ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వయసువాళ్ళలో 84 కోట్ల 60 లక్షల మందికి జననాంగాల హెర్పిస్ ఉంది. అంటే అయిదుగురిలో ఒకరికి పైగా. రెండో రకం వైరస్ 2020లో 52 కోట్ల మందిలో ఉన్నట్టు లెక్కగట్టారు. అందులో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ. మగవాడి నుంచి స్త్రీకి సోకినంత తేలిగ్గా స్త్రీ నుంచి మగవాడికి సోకదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ వైరస్ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి అది ఉందని తెలియనే తెలియదు. పుండు రాకపోవచ్చు, వచ్చినా చిన్న గీత పడినట్టో దురద పెట్టినట్టో ఉండి పోవచ్చు. పుండు లేని రోజుల్లో కూడా వైరస్ చర్మం మీదకు వచ్చి పక్కవాళ్ళకు సోకగలదు. మొదటి పుండు సోకిన వారానికి రావచ్చు, సంవత్సరాల తర్వాతా రావచ్చు. అందుకని ఎప్పుడు సోకిందో, ఎవరి నుంచి సోకిందో ఒక్క పుండును చూసి ఏ డాక్టరూ చెప్పలేడు.

ఇది నాకు ఎంత అవసరమైన సంగతో చూడండి. నేను చాలా ఏళ్ళు మా ఆయనే తెచ్చాడని తిట్టుకున్నాను. ఆయనకు పెళ్ళికి ముందే ఉండి ఉండవచ్చు, ఉన్నట్టు ఆయనకే తెలియకపోవచ్చు. ఈ రోజుకీ నాకు తెలియదు. కానీ నా మీద తీర్పు ఎలా వచ్చిందో చెబుతాను. ఆసుపత్రి చీటీని నేను బియ్యం డబ్బాలో దాచాను. మా మరిది చేతికి దొరికింది. మందుల షాపులో చదివించుకుని వచ్చాడు. “సంఘం మీటింగులని రాత్రిళ్ళు తిరుగుతుంది గదా” అన్నారు. పెద్దమనుషుల ముందు ఆ చీటీ పెట్టారు. మా ఆయన తల వంచుకుని కూచున్నాడు గాని, “నన్ను కూడా పరీక్ష చేయించండి” అని ఒక్క మాట అనలేదు. నేను ఆ మాట అంటే, “మొగాడి మీద వేలు చూపిస్తుందా” అని లేచారు. ఆరు నెలల తర్వాత బిడ్డను తీసుకుని పుట్టింటికి వచ్చేశాను.

‘సుఖవ్యాధి’ అన్న పేరు మీద మనం ఎప్పుడన్నా ఆలోచించామా? ఎవరి సుఖం? పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఇష్టాయిష్టాలు అడిగిన రాత్రి ఒక్కటి లేదు నాకు. కానీ ఆ బోర్డు కింద నిలబడ్డ ప్రతి స్త్రీ ఏదో సుఖపడి వచ్చినట్టు లోకం చూస్తుంది. సుఖం ఎవరిదైనా వ్యాధి పేరు మాత్రం ఆమెకే అంటుకుంటుంది. మన కరపత్రాల్లోనైనా ఆ మాట మానేద్దామని నా మనవి.

ఇక మందుల సంగతి. ఎసైక్లోవిర్ అనే మందును తయారుచేసిన సంస్థలో ఆ పరిశోధనను నడిపించినవాళ్ళలో గెర్ట్రూడ్ ఎలియన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఉంది. ఆడదానివని చదువయ్యాక ల్యాబుల్లో ఉద్యోగం ఇవ్వలేదు ఆమెకు. 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె గురించి చదివిన రోజు నా మాత్రను నేను కొంచెం ప్రేమగా చూసుకున్నాను. అమెరికాలో ఈ మందు మొదట 1982లో పైపూతగా వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో టైమ్ పత్రిక హెర్పిస్‌ను ఒంటి మీద వేసిన కళంకపు ముద్రతో పోల్చి ముఖచిత్రం వేసింది. నలభై ఏళ్ళు దాటింది. మందు ఊరూరికీ వచ్చింది గాని ఆ ముద్ర చెరిగిపోలేదు.

ఈ మందు పనిచేసే తీరు తెలిస్తే సగం భయం పోతుంది. వైరస్ పట్టిన కణంలోనే ఇది చురుకుగా మారి, వైరస్ పెరగకుండా అడ్డుకుంటుంది. మిగతా కణాల జోలికి పెద్దగా పోదు. అందుకే ఏళ్ళ తరబడి వాడినా చాలామందికి ఇబ్బంది ఉండదు. కొందరికి తలనొప్పి, కడుపులో వికారం ఉంటాయి. మూత్రపిండాల ద్వారా బయటకు పోతుంది కాబట్టి నీళ్ళు బాగా తాగాలి. కిడ్నీ జబ్బున్నవాళ్ళకు డాక్టరు మోతాదు తగ్గించాలి.

వాడే పద్ధతులు రెండు. పుండు వచ్చినప్పుడల్లా కొద్దిరోజులు వాడి ఆపేయడం ఒకటి. తిమ్మిరి, మంట మొదలైన రోజే మొదలుపెడితేనే దీనివల్ల ఉపయోగం. మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు, లేదా భాగస్వామికి సోకుతుందేమోనని భయపడేవాళ్ళు రోజూ వాడడం రెండోది. మామూలుగా ఎసైక్లోవిర్ 400 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, లేదా వాలసైక్లోవిర్ 500 మి.గ్రా. లేక 1 గ్రాము రోజుకు ఒకసారి రాస్తారు. తరచుగా వచ్చేవాళ్ళకు ఇలా వాడితే పుండ్లు రావడం నూటికి 70, 80 వంతులు తగ్గుతుంది. ఒక్క పూట మర్చిపోతే కొంప మునగదు. జీవితాంతం వాడాలనీ లేదు. ఏడాదికోసారి డాక్టరుతో మాట్లాడి, కొన్నాళ్ళు ఆపి చూడవచ్చు. నేను రెండుసార్లు ఆపి చూశాను. ఒకసారి ఆపితే ఎనిమిది నెలలు రాలేదు. రెండోసారి నెలలోపే వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాను. అంతకంటే పెద్ద కథేం లేదు.

మాత్ర మింగడం కష్టం కాదు. దాచడం కష్టం. పుట్టింట్లో మా వదిన చూసి, “రోజూ ఏం మాత్రలు మింగుతున్నావమ్మా? మొగుడు లేడు గదా, పిల్లలు పుట్టకుండానా?” అంది. బి.పి. అని అబద్ధం చెప్పాను. రెండేళ్ళు ఆ ఇంట్లో నాకు ఉప్పు తగ్గించి వడ్డించారు! ఇలా మన శిక్షణలకు వచ్చినప్పుడు కూడా అర్ధరాత్రి బాత్రూములోకి వెళ్ళి వేసుకునేదాన్ని. రోజుకు రెండుసార్లు దాచుకోలేకనే, డబ్బులు కొంచెం ఎక్కువైనా, రోజుకు ఒక్కసారి వేసుకునే మాత్రకు మారాను. ఈ సంగతి ఏ డాక్టరూ అడగడు. స్త్రీకి మందు రాసేటప్పుడు ఆమె దాన్ని ఎక్కడ పెట్టుకుంటుంది, ఎవరి కళ్ళ ముందు మింగుతుంది అని అడగాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. భాగస్వామికి చెప్పడం.

మన సంస్థల్లో శిక్షణ పొందినవాళ్ళం ‘భాగస్వామికి చెప్పండి’ అని చాలా తేలిగ్గా అంటాం. నేనూ అన్నాను. 2015లో మా మండలంలో ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. నాలాంటి బాధే. నాకంతా తెలుసన్న ధీమాతో, “ఇంట్లో చెప్పెయ్యమ్మా, ఇద్దరూ కలిసి చూపించుకోండి” అని పంపించాను. ఆ రాత్రే అతను ఆమెను కొట్టి, ఇద్దరు పిల్లలతో సహా బయటకు నెట్టి తలుపేసుకున్నాడు. అతనికి కూడా పుండ్లున్నాయని ఆమె నాకు ముందే చెప్పింది! తెల్లారి బస్టాండులో కూచుని నాకు ఫోను చేసింది. “అక్కా, నువ్వు చెప్పమంటేనే చెప్పాను” అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

నేను చేసిన తప్పేమిటి? ఆమె అతనికి ‘వద్దు’ అనగలదా అని అడగలేదు. అతను ఇంతకుముందు కొట్టాడా అని అడగలేదు. చెప్పిన తర్వాత ఆ రాత్రి ఎక్కడ పడుకుంటావని అడగలేదు. ‘చెప్పడం’ అనే మాట వెనక, చెప్పేవాళ్ళకూ వినేవాళ్ళకూ సమానమైన బలం ఉందని ఒక ఊహ ఉంది. మన చట్టమే ఆ ఊహను ఒప్పుకోవడం లేదు. పద్దెనిమిదేళ్ళు దాటిన భార్య మీద భర్త చేసే బలాత్కారాన్ని 2023లో తెచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా అత్యాచారంగా లెక్కించలేదు. పుండు మీద పుండు ఉన్న రోజున కూడా కాదనే హక్కు లేని మనిషిని, నీ జబ్బు గురించి నువ్వే నిజాయితీగా చెప్పుకో అంటున్నాం మనం.

అలాగని చెప్పనక్కరలేదని నేను అనడం లేదు. ఎందుకంటే రెండో తప్పు కూడా నాదే. అది చెబుతాను.

పుట్టింటికి వచ్చిన నాలుగేళ్ళకు ఒక మనిషి పరిచయమయ్యాడు. బడిపంతులు. భార్య చనిపోయింది. మంచివాడు. మేం దగ్గరయ్యాం. నేను చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ అయిదు నెలలు గడిపాను. పుండ్లు ఉన్నప్పుడు ముట్టు అని అబద్ధం చెప్పేదాన్ని. రోజూ మాత్ర వేసుకుంటున్నాను గదా, పుండు లేదు గదా అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. మా ఆయన నాకు చెప్పలేదని నేను ఎంత ఏడ్చానో, అదే పని నేను ఇంకొకరికి చేస్తున్నాను. నాకు తెలిసి చేస్తున్నాను.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటి వరండాలో కూచుని చెప్పాను. “మీకొక సంగతి ముందే చెప్పాల్సింది. నాకు హెర్పిస్ అనే వైరస్ ఉంది. అది మీకు సోకే అవకాశం ఉంది. తగ్గించడానికి మాత్ర వేసుకుంటున్నాను. మీరు ఏమడిగినా నాకు తెలిసినంత చెబుతాను.” అంతే. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “ఎప్పటినుంచి?” అన్నాడు. చెప్పాను. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. పదకొండు రోజులు ఫోను లేదు. పన్నెండో రోజు వచ్చి, “జబ్బున్నందుకు నాకు కోపం రాలేదు. అయిదు నెలలు నన్ను తెలివితక్కువవాణ్ణి చేశారు, అందుకు వచ్చింది” అన్నాడు. కాసేపాగి, “ఆ మాత్రలు నేను కూడా వేసుకోవాలా?” అని అడిగాడు. అక్కర్లేదు, నేను వేసుకుంటే చాలన్నాను. ఇప్పుడు కలిసే ఉంటున్నాం. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పడానికి ఈ కథ చెప్పలేదు. ఆయన తిరిగి రాకుండా ఉండవచ్చు కూడా. ఆ హక్కు ఆయనకుంది. ఆ హక్కునే నేను అయిదు నెలలు ఆయనకివ్వలేదు.

చెప్పడం వల్ల ఉపయోగం ఉందనడానికి రుజువులున్నాయి. అమెరికాలో 2006లో అచ్చయిన ఒక చిన్న అధ్యయనంలో, కొత్తగా రెండో రకం వైరస్ సోకినవాళ్ళను విచారించారు. భాగస్వామి ముందే చెప్పిన చోట సోకడానికి సగటున 270 రోజులు పట్టింది. చెప్పని చోట 60 రోజులే. తెలిస్తే ఇద్దరూ జాగ్రత్తపడతారు. మాత్ర సంగతికి వస్తే, 2004లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో 1,484 జంటలను ఎనిమిది నెలలు గమనించారు. జంటలో ఒకరికి వైరస్ ఉంది, రెండోవారికి లేదు. వైరస్ ఉన్నవాళ్ళు రోజూ వాలసైక్లోవిర్ 500 మి.గ్రా. వేసుకున్న జంటల్లో నూటికి 1.9 మందికి కొత్తగా సోకింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న జంటల్లో నూటికి 3.6 మందికి సోకింది. అంటే దాదాపు సగం తగ్గింది. సున్నా కాలేదు. ఈ తేడా గుర్తుంచుకోండి. కండోమ్ కూడా అంతే. అది కప్పని చోట వైరస్ ఉండవచ్చు గాని, ముఖ్యంగా మగవాడి నుంచి స్త్రీకి సోకకుండా ఆపడంలో బాగా ఉపయోగపడుతుంది. రోజూ మాత్ర, కండోమ్, పుండు గాని దాని ముందు వచ్చే తిమ్మిరి గాని ఉన్న రోజుల్లో కలవకపోవడం - ఈ మూడూ కలిస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది.

మాత్ర చెయ్యలేని పని కూడా ఒకటి చెప్పాలి. రెండో రకం హెర్పిస్ ఉన్నవాళ్ళకు హెచ్.ఐ.వి. సోకే ప్రమాదం సుమారు మూడింతలు ఎక్కువ. రోజూ ఎసైక్లోవిర్ వేసుకుంటే ఆ ప్రమాదం తగ్గుతుందేమోనని పెద్ద ప్రయోగాలు చేశారు. 2008, 2010 సంవత్సరాల్లో వచ్చిన ఫలితాల్లో తగ్గలేదని తేలింది. కాబట్టి పుండుతో వచ్చిన ప్రతివారికీ హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలు చేయించండి. హెర్పిస్‌కు సరైన పరీక్ష కొత్త పుండు మీద నుంచి దూదిపుల్లతో నమూనా తీసి చేసేది. ఏ లక్షణమూ లేకుండా రక్తపరీక్ష చేయించి, ఆ కాగితం పట్టుకుని సంసారాలు కూల్చుకోవద్దు. ఆ పరీక్షల్లో తప్పుగా ‘ఉంది’ అని రావడం మామూలే.

గర్భిణుల గురించి ఒక్కమాట. ముందునుంచే హెర్పిస్ ఉన్న తల్లి నుంచి కాన్పులో బిడ్డకు సోకే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ. నెలలు నిండే సమయంలో తల్లికి కొత్తగా సోకితే మాత్రం నూటికి 30 నుంచి 50 దాకా ఉంటుంది. బిడ్డకు అది ప్రాణాంతకం. అంటే చివరి నెలల్లో ఇంటికి వచ్చిన భర్త తన పుండు సంగతి చెప్పకపోవడం ఎంత పెద్ద నేరమో చూడండి. ముందే ఉన్న తల్లులకు 36వ వారం నుంచి మాత్రలిస్తారు. నొప్పులప్పుడు పుండు ఉంటే ఆపరేషన్ చేస్తారు. కాబట్టి ఎవరికీ చెప్పలేని స్త్రీ కూడా కాన్పు చేసే డాక్టరుకు తప్పక చెప్పాలి.

మరి మనం ఏం చెయ్యాలి?

మొదటిది, ఎవరినైనా ‘చెప్పెయ్యి’ అనే ముందు కూచోబెట్టి అడగాలి. అతను కొడతాడా? కండోమ్ వాడమంటే వింటాడా? చెప్పాక అవసరమైతే వెళ్ళడానికి చోటుందా? చేతిలో కొంత డబ్బుందా? మనలో ఎవరం ఆ రోజు ఫోను దగ్గర ఉంటాం? హింస ఉన్న చోట ముందు రక్షణ, తర్వాతే మాట. అలాంటి చోట జంటగా క్లినిక్‌కు రప్పించి, ఇద్దరినీ పరీక్షించి, డాక్టరు చేతో కౌన్సిలరు చేతో చెప్పించడం ఒక మార్గం. అదీ ఆమె ఒప్పుకుంటేనే.

రెండోది, చెప్పగలిగిన వాళ్ళకు చెప్పే పద్ధతి నేర్పాలి. మంచం మీద చెప్పవద్దు, పోట్లాటలో చెప్పవద్దు, తాగి ఉన్నప్పుడు చెప్పవద్దు. దగ్గరయ్యే ముందే చెప్పాలి. పగటిపూట, లేచి వెళ్ళిపోగలిగిన చోట చెప్పాలి. నాలుగు వాక్యాలు చాలు. క్షమాపణ అడుగుతున్నట్టు ఏడవనక్కరలేదు. వినేవాళ్ళకు ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలి. ఇవి ముందు మనతో రెండుసార్లు అని చూసుకుంటే నోరు తిరుగుతుంది.

మూడోది, మగవాళ్ళకు ఈ బాధ్యత అప్పగించాలి. చెప్పడం గురించిన మన కరపత్రాలన్నీ స్త్రీలకే ఎందుకు రాస్తున్నాం? లారీ అడ్డాల దగ్గర, బోరు బండ్ల యార్డుల దగ్గర ఈ మాట మాట్లాడేవాళ్ళు కావాలి.

నాలుగోది, చట్టం తెలుసుకోవాలి. 1955 హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ ప్రకారం సోకే రూపంలో ఉన్న లైంగిక వ్యాధి విడాకులకు ఒక కారణం. కాగితం మీద అది ఇద్దరికీ సమానమే. కానీ చీటీ ఎవరి దగ్గరుంటే వాళ్ళే ముద్దాయి. ఆసుపత్రికి వెళ్ళింది ఆమె కాబట్టి చీటీ ఆమె పేరునే ఉంటుంది. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం అనుమతి లేకుండా ఒకరి పరిస్థితి బయటపెట్టకూడదంటుంది. అది హెచ్.ఐ.వి.కే పరిమితం. హెర్పిస్ ఉన్నవాళ్ళకు అంత స్పష్టమైన రక్షణ చట్టం లేదు. అయితే 2005 గృహహింస చట్టం స్త్రీ ఆరోగ్యానికి హాని చేసే, ప్రమాదం తెచ్చే ప్రవర్తనను కూడా హింస కిందే చూస్తుంది. జబ్బు సాకుతో ఇంటి నుంచి గెంటేస్తే ఇంట్లో ఉండే హక్కు కోసం ఆ చట్టం కింద అడగవచ్చు. నాకు అప్పుడు తెలియదు. మీకు ఇప్పుడు తెలిసింది.

అయిదోది ప్రభుత్వాన్ని అడగవలసింది. ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి. ఎర్ర కిట్టు పేరుతో మనకు చేతికిస్తూ వచ్చింది ఏడు రోజుల మందే. రోజూ వాడవలసిన స్త్రీ దాన్ని కొనుక్కోవాలి. చేతిలో డబ్బు లేని స్త్రీ ఏ లెక్క చెప్పి కొనుక్కుంటుంది? అవసరమైనవాళ్ళకు నెల నెలా మాత్రలు ఉచితంగా ఇవ్వాలనీ, మాట్లాడడానికి తలుపున్న గది ఉండాలనీ, లైన్లో అందరికీ వినబడేలా ప్రశ్నలు వేయకూడదనీ మనం అడగాలి. ఇవేమీ పెద్ద కోరికలు కావు.

ఇంత చెప్పాక మీలో కొందరు నా పక్కన కూచుని తినడానికి ఆలోచించవచ్చు. కలిసి తింటే ఇది రాదు. నా మాత్ర వేళ రాత్రి భోజనం తర్వాత. ఇవాళ బాత్రూముకు వెళ్ళను. మీ మధ్యే కూచుని వేసుకుంటాను. మీలో నాలాంటివాళ్ళు ఉండే ఉంటారు, లెక్క ప్రకారం ఉండాలి. వాళ్ళు ఇవాళే ఏమీ చెప్పనక్కరలేదు. చెప్పాలనిపించిన రోజున వినడానికి ఒక మనిషి ఉందని తెలిస్తే చాలు.